ప్రయోగశాల తలుపు సాయంత్రం నాలుగు తర్వాత కూడా తెరిచి ఉండాలి

సంపాదకులకు,

నమస్కారం.

రానున్న ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు తమ చేతులతో పరికరాలు చేసి నేర్చుకునే 50,000 అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు నెలకొల్పుతామని 2025 ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. 2016లో మొదలైన ఈ పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇస్తూ వచ్చారు. అందులో సగం గది ఏర్పాటుకు, పరికరాలకు, మిగతా సగం ఐదేళ్ల నిర్వహణకు ఉద్దేశించినది. ఇది సంతోషించవలసిన విషయమే. కానీ ఆ గది ఏ వేళల్లో తెరిచి ఉంటుంది, అందులో పరికరాన్ని చేతిలోకి తీసుకునేది ఎవరు అన్నది గ్రాంటు మంజూరుతో తేలిపోయే సంగతి కాదు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నాకు, మన రెండు రాష్ట్రాల్లోనూ ఆడపిల్లల సైన్సు చదువుకు అసలు లోటు గదులది కాదని, బడి విడిచిన తర్వాతి రెండు గంటలదని అనిపిస్తుంది.

బడి వేళల్లో ప్రయోగాలకు చోటు లేకపోవడానికి కారణాలు అందరికీ తెలిసినవే. పీరియడు ముప్పావు గంట. అందులో హాజరు, పాఠం, నోట్సు పోగా మిగిలేది కొద్ది నిమిషాలు. పైగా పదో తరగతి పబ్లిక్ పరీక్షలో విద్యార్థి స్వయంగా ప్రయోగం చేసి చూపవలసిన పరీక్ష లేదు కనుక, ఫలితాల శాతం మీద సంజాయిషీ చెప్పుకోవలసిన ప్రధానోపాధ్యాయులు ఆ వైపు దృష్టి పెట్టలేరు. వీలు చూసుకుని ఎవరైనా ప్రయోగం చేయించినా, ఒక బల్ల చుట్టూ పదిమంది గుమిగూడినప్పుడు అమ్మీటరు తీగలు కలిపేది మగపిల్లలు, పక్కన నిలబడి రీడింగులు రాసేది ఆడపిల్లలు. రికార్డు చక్కగా రాస్తారని మనమే వాళ్లను మెచ్చుకుంటాం. పదో తరగతి ఉత్తీర్ణతలో ఏటా అమ్మాయిలే ముందుంటున్నారన్న వార్తను చదివి మురిసిపోయే మనం, ఆ అమ్మాయిల్లో ఎందరు తమ చేతులతో ఒక్క సర్క్యూటైనా కలిపారో అడగం.

నగరాల్లో ఈ లోటును డబ్బుతో పూడ్చుకుంటున్నారు. సాయంత్రం రోబోటిక్స్ క్లాసు, సెలవుల్లో కోడింగ్ శిబిరం, ఇంట్లో కంప్యూటరు, అడిగిన భాగం కొనిచ్చే తండ్రి. అబ్బాయిని ప్రైవేటు బడికి, అమ్మాయిని ప్రభుత్వ బడికి పంపే ఇళ్లు ఇప్పటికీ తక్కువేమీ కాదు. ఇక ప్రభుత్వ బడి పిల్లకు సాయంత్రమంటే నీళ్లు పట్టడం, తమ్ముణ్ణి చూసుకోవడం, అమ్మ కూలి నుంచి వచ్చేసరికి అన్నం వండడం. ఐఐటీల్లో అమ్మాయిల వాటా మరీ తక్కువగా ఉందని 2018 నుంచి వారికి అదనపు సీట్లు కల్పించారు. అది అవసరమైన పనే, ఫలితమూ కనిపించింది. అయితే ఆ మెట్టు దాకా రాగలిగేది ఏ ఇళ్ల పిల్లలో వేరే చెప్పనక్కరలేదు.

కనుక వారానికి కనీసం రెండు సాయంత్రాలు, ప్రతి ఉన్నత పాఠశాలలో ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు ఆడపిల్లలకు, వారితో పాటు ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేని పేద పిల్లలందరికీ గంటన్నర సైన్సు తరగతి ఉండాలని నా ప్రతిపాదన. అది పాఠ్యపుస్తకాన్ని మళ్లీ వల్లె వేయించే ట్యూషను కాకూడదు. ఈ మాట అనగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న పిల్ల ఇంటికి ఎలా వస్తుందనే. ఆ ప్రశ్న ముమ్మాటికీ న్యాయమైనది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం అమల్లో ఉంది. దీంతో చార్జీల సమస్య తీరింది, బస్సు వేళల సమస్య తీరలేదు. పల్లెవెలుగు బస్సు నాలుగున్నరకు వెళ్లిపోయి మళ్లీ ఏడున్నరకు గానీ రాని ఊళ్లలో టికెట్టు లేదన్నది ఎవరికి ఉపయోగం? బడి ఉన్న మండల కేంద్రం నుంచి ఆరు గంటల ప్రాంతంలో బయల్దేరేలా ఒక సర్వీసును సవరించమని డిపో మేనేజరును అడగవలసింది ఒంటరి ప్రధానోపాధ్యాయుడు కాదు, జిల్లా కలెక్టరు. ఆ బాధ్యత రాతపూర్వకంగా ఉంటేనే పని జరుగుతుంది.

బస్సుల సర్దుబాటు జరిగేదాకా ఆగవలసిన పని లేని చోట్లు కూడా ఉన్నాయి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, సాంఘిక, గిరిజన సంక్షేమ గురుకులాలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ బాలికల వసతి గృహాలు. బడి మానేసిన, తల్లిదండ్రులు లేని, వలస పోయిన ఇళ్ల ఆడపిల్లలు ఎక్కువగా చేరేది కస్తూర్బా విద్యాలయాల్లోనే. 2004లో ఈ పథకం పుట్టిందే వాళ్ల కోసం. అక్కడ సాయంత్రం పిల్లలు ఇంటికి వెళ్లవలసిన అవసరం లేదు, చీకటి పడుతుందన్న భయం లేదు. ఉన్నదల్లా స్టడీ అవర్స్. వరుసగా కూర్చోబెట్టి ప్రశ్నకు జవాబు బట్టీ పట్టించే ఆ వేళల్లోంచి వారానికి మూడు గంటలు సైన్సుకు ఇస్తే, అదనపు భవనమూ వద్దు, అదనపు ప్రయాణమూ వద్దు. నా దృష్టిలో ఈ కార్యక్రమాన్ని మొదలుపెట్టవలసింది అక్కడే.

వసతి గృహాలకు ఇంకో అనుకూలత ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. రాత్రి ఆకాశం పగటి బడికి దొరకదు. గురుగ్రహం కనిపించే నెలల్లో ఒక చిన్న టెలిస్కోపును డాబా మీద నిలిపి, దాని నాలుగు పెద్ద చందమామలు ఏ రాత్రి ఏ వైపున ఉన్నాయో వరుసగా కొన్ని వారాల పాటు నోట్సులో గీయమంటే, అవి గ్రహం చుట్టూ తిరుగుతున్నాయన్న సంగతి ఆ పిల్లలు పుస్తకం చూడకుండానే తేల్చుకుంటారు. 1610లో గెలీలియో చేసినదీ ఇదే. రాగి తీగ, అయస్కాంతం, టార్చి సెల్లుతో మోటారు చేయడానికి పట్టే ఖర్చు మరీ తక్కువ. మొదటిసారి తిరగదు, ఎందుకు తిరగలేదో వెతకడానికి గంట పడుతుంది. పీరియడులో ఆ గంట ఎక్కడిది?

సైన్సు ఊరి సంగతి కూడా కావచ్చు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో తాగునీటి ఫ్లోరైడు తరాల తరబడి ఎముకలను, పళ్లను దెబ్బతీసింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే నీరు తాగడానికి పనికిరాదన్న వాక్యం పిల్లలు బట్టీ పట్టగలరు. జల్ జీవన్ మిషన్ కింద గ్రామాల్లో నీటి పరీక్షకు ఫీల్డ్ కిట్లు ఇచ్చి, ఊరికి ఐదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలన్న నియమం ఉంది. ఆ మహిళలనే సాయంత్రం బడికి పిలిచి, తొమ్మిదో తరగతి అమ్మాయిల చేత తమ వీధి బోరు నీళ్లు పరీక్ష చేయించి, వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి లెక్కలు రాయించవచ్చు. ఫలితాల పట్టికను పంచాయతీ కార్యాలయం గోడకు అంటించగలిగితే ఆ అమ్మాయిల మాటకు ఇంట్లోనూ ఊళ్లోనూ వచ్చే విలువ వేరు.

ఎవరు నడపాలన్నది కష్టమైన ప్రశ్న. ఇప్పటికే యాప్‌లలో ఫొటోలు పెట్టడంతోనే పొద్దు పోతోందని వాపోతున్న ఉపాధ్యాయుల మీద మరో రెండు సాయంత్రాల బరువు ఊరికే మోపితే అది కాగితాల మీదే నడుస్తుంది. వారికి విడిగా పారితోషికం ఇవ్వాలి. ఊళ్లో బీఎస్సీ, ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం కోసం చూస్తున్న ఆడపిల్లలను శిక్షణ ఇచ్చి సహాయకులుగా తీసుకోవాలి. ఇది ఊహాగానం కాదు. కుప్పం దగ్గర 172 ఎకరాల ప్రాంగణంలో సైన్సు కేంద్రాన్ని నడుపుతున్న అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ 1999లో మొదలైంది. అది సంచార ప్రయోగశాలలను బడుల ముంగిటికి తీసుకెళ్తోంది. గ్రామాల్లో స్థానిక యువత చేతనే సాయంత్రం కేంద్రాలు నడిపిస్తోంది, పిల్లల చేత పిల్లలకు ప్రయోగాలు చెప్పిస్తోంది. మన నేల మీదే నిలిచి ఉన్న ఇలాంటి అనుభవాన్ని విద్యాశాఖ ఇంకా విరివిగా వాడుకోవచ్చు.

చిన్నదిగా కనిపించే మరో అడ్డంకి స్టాక్ రిజిస్టర్. బీకరు పగిలితే, లెన్సు పోతే తనిఖీలో జవాబు చెప్పుకోవాలన్న భయంతో పరికరాలను బీరువాలో పెట్టి తాళం వేసే బడులు ఎన్నో. ఏటా ఇంత విలువ వరకు పగలడం సహజమేనని, దానికి సంజాయిషీ అక్కరలేదని ఒక్క ఉత్తర్వు ఇస్తే ఆ బీరువాలు తెరుచుకుంటాయి.

ఇప్పటికే పథకాలు లేవా అని అడగవచ్చు. ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఎంపికైన పిల్లల కొత్త ఆలోచనకు 10,000 రూపాయలు ఇస్తారు. తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల అమ్మాయిలను సైన్సు చదువు వైపు ప్రోత్సహించే విజ్ఞాన జ్యోతి పథకం ఉంది. దేశంలోని 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది అమ్మాయిలు పాలుపంచుకున్న ఆజాదీశాట్ ఉపగ్రహం 2022 ఆగస్టులో శ్రీహరికోట నుంచి బయల్దేరింది. రాకెట్టు దాన్ని సరైన కక్ష్యలో పెట్టలేకపోయింది. ఆరు నెలల తర్వాత, 2023 ఫిబ్రవరిలో ఆజాదీశాట్-2 కక్ష్య చేరింది. మొదటి వైఫల్యాన్ని చూసి, మళ్లీ ప్రయత్నించడాన్ని కూడా చూసిన ఆ అమ్మాయిలు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పని విషయం నేర్చుకుని ఉంటారు. ఇవన్నీ మంచివే. కానీ ఇవి ఎంపికైన కొందరివి. బడికి ఇద్దరు ముగ్గురు మెరికలను ఏరి పంపితే మిగిలిన పిల్లలకు సైన్సు చప్పట్లు కొట్టే కార్యక్రమంగా మిగిలిపోతుంది. సాయంత్రం తరగతికి ప్రవేశ పరీక్ష గానీ మార్కుల అర్హత గానీ ఉండకూడదని అందుకే కోరుతున్నాను.

దీనివల్ల పదో తరగతి ఫలితాలు దెబ్బతింటాయన్న ఆందోళన నాకు అర్థరహితంగా తోస్తుంది. పదో తరగతికి ప్రత్యేక తరగతులు ఎలాగూ ఉన్నాయి, కనుకనే ఆరు నుంచి తొమ్మిది వరకు అడుగుతున్నాను. ఇక ఖర్చు మాటకొస్తే, తెలంగాణలో పదో తరగతి ప్రత్యేక తరగతుల రోజుల్లో పిల్లలకు సాయంత్రం అల్పాహారం ఇచ్చిన అనుభవం ఉంది. ఆకలితో ఉన్న పిల్ల నాలుగు తర్వాత ఏమీ నేర్చుకోలేదన్న సంగతి ప్రభుత్వం గుర్తించిందనే దీని అర్థం. శనగ గుగ్గిళ్లు, వేరుశనగ ఉండలు పెట్టడానికి కొత్త పథకం పేరు అక్కరలేదు, ఇప్పుడున్న మధ్యాహ్న భోజన ఏర్పాటులోనే దాన్ని కలపవచ్చు.

జూన్‌లో బడులు తెరిచేలోగా రెండు రాష్ట్రాల విద్యాశాఖలు కనీసం కస్తూర్బా విద్యాలయాల్లోనూ బాలికల గురుకులాల్లోనూ వారానికి మూడు గంటల ప్రయోగ వేళను కాలపట్టికలో చేర్చాలని, ప్రతి జిల్లాలో కొన్ని ఉన్నత పాఠశాలలను ఎంచుకుని ఆరు గంటల బస్సు, అల్పాహారం, పారితోషికం మూడింటినీ ఒకే ఉత్తర్వులో ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. హాజరులో ఆడపిల్లలు ఎందరో నెలనెలా విడిగా ప్రకటిస్తే, ఏ బడిలో బస్సు రాలేదో ఆ అంకెలే చెబుతాయి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
ప్రకాశం జిల్లా