రఘూ, ఈ లెక్క నీకు చెప్పకుంటే నిద్ర పట్టదు

ఆదోని,
ఆదివారం రాత్రి

రఘూ,

జవాబు రాయలేదని అలిగినట్టున్నావు, ఫోన్ కూడా ఎత్తడం లేదు. తిట్టుకో, పడతాను. ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్లు అట్లే ఉన్నాయి, చిన్నోడికి ముందు పళ్లు ఊడాయి, నాయన పత్తి ధర మీద రోజూ తిట్టే తిట్లే తిడుతున్నాడు. అయిపోయింది. ఇంక అసలు సంగతికొస్తా.

దూరవిద్యలో ఎం.ఏ. ఎడ్యుకేషన్ కట్టానని చెప్పాను కదా. ఎం.ఎడ్. చేయమని నువ్వు పోరినావు గానీ, అది 2015 నుంచి రెండేళ్లయింది. రెండేళ్లు సెలవు పెట్టి కూర్చుంటే హౌసింగ్ లోన్ ఎవరు కడతారు, మన కుర్చీ సారు కడతాడా? నవ్వకు. పగలు బడి, రాత్రి పిల్లల మనస్తత్వం మీద రాసిన పియాజే, వైగాట్‌స్కీ. ఇద్దరూ 1896లోనే పుట్టారంట, మనల్ని సతాయించడానికి కూడబలుక్కున్నట్టు.

డిజర్టేషన్‌కు సుగ్గి పిల్లల, అదే అమ్మానాయనలతో గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోయే పిల్లల, లెక్కలు తీసుకున్నా. దీపావళి దాటితే కోసిగి, కౌతాళం వైపు ఇండ్లకు తాళాలు పడేది నీకు తెలియంది కాదు. ఐదో తరగతి పిల్లలు 60 మంది: సుగ్గికి పోయేవాళ్లు 30, ఊర్లో నిలిచేవాళ్లు 30. అందరికీ ఒకే పేపర్ పెట్టి, సగటులు తీసి, వాటి మధ్య తేడా లెక్కలోకి తీసుకోదగిందా అని చూసే టి-టెస్ట్ వేసి, "గణనీయమైన భేదం కలదు" అని రాసేస్తే డిగ్రీ చేతికొస్తుంది. గైడ్ కూడా అదే అన్నాడు, బాగుంది, త్వరగా ముగించు అని.

మొన్న బుధవారం ఆ సుగ్గి పిల్లల్లో ఒకతె, ఈరమ్మ వచ్చింది. చిన్నాయన పెండ్లికని మొత్తం కుటుంబం గుంటూరు నుంచి దిగింది, నాలుగు రోజులుండి మళ్లీ పోతారు. వదిలితే దొరకదని అప్పుడే కూర్చోబెట్టి పేపర్ ఇచ్చాను. 20కి 3 వచ్చాయి. 24ను 12తో గుణించమంటే ఏం చేసిందో చూడు: రెండు నాలుగుల ఎనిమిది కింద వేసింది, ఒకటి రెళ్ల రెండు పక్కన వేసింది. 28! ఆ 28 చుట్టూ మళ్లీ నీటుగా గీత కూడా గీసింది.

సరే, పేపర్ మడిచి లోపల పెట్టుకుంటూ ఊరికే అడిగాను, "ఏం పాపా, ఈసారి కూలి బాగా వచ్చిందా?" అని.

"ఏం బాగు సార్. మొన్న అమ్మ 46 కిలోలు తెంచె, నాయన 39. కిలోకు 12. వెయ్యీ ఇరవై రావల్ల. మేస్త్రీ 972 ఇచ్చె."

"అదేం, ఎందుకు తగ్గింది?"

"సంచికి కిలో తరుగు తీస్తాడు సార్. నాలుగు సంచులు. 48 పాయె."

నేను ఆగిపోయినా రఘూ. వెయ్యీ ఇరవై ఎట్లా వచ్చింది చెప్పమన్నా. నన్ను జాలిగా చూసింది. "85 కిలోలు కదా సార్. పది రూపాయలైతే 850. ఇంకా రెండ్రెండు రూపాయలు 170." అంతే. వేళ్లు కూడా మడవలేదు. అడ్వాన్సులో ఎంత తెగింది, ఇంకెంత ఉంది, అదంతా నోటికి చెప్పేసింది. కాటా దగ్గర తమ్ముణ్ణి చంకనేసుకుని నిలబడేది ఈ పిల్లే అంట. వాళ్ల నాయనకు లెక్క రాదు. మేస్త్రీ నోట్‌బుక్‌లో రాసుకునేలోపే ఈమె చెబుతుందంట, వాడికి ఈమెను చూస్తే పడదు.

24 ఇంటూ 12కు 28 రాసిన చేయి అదే!

ఆ రాత్రి మెటీరియల్ తిరగేస్తే ఒక చోట దొరికింది. బ్రెజిల్‌లో రెసీఫె అనే ఊర్లో టెరెజీన్హా కరాహర్ వాళ్లు 1985లో అచ్చేసిన పరిశోధన. రోడ్డు మీద సరుకులమ్మే ఐదుగురు పిల్లలు. బేరం మధ్యలో అడిగితే 98.2 శాతం సరైన జవాబులు, అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే 36.8 శాతం. పన్నెండేళ్లవాడొకడు కొబ్బరికాయ 35 అయితే పది ఎంత అంటే, మూడు 105, ఇంకో మూడు 210, తర్వాత 315, చివరికి 350 అంటాడు. పదికి సున్నా చేర్చాలని బడి నేర్పింది వాడికి అవసరమే పడలేదు. ఈరమ్మ మాత్రం పది కట్టి, రెండు కలిపింది. వాడికంటే మన పిల్లే నయం కదరా!

మరుసటి రోజే గైడ్‌కు ఫోన్ చేశా. అంతా విని, "ఒక్క కేసు పట్టుకుని ఊగకండి మాస్టారూ. ప్రశ్నపత్రం మారిస్తే సినాప్సిస్, అదే పరిశోధన ప్లాను, మళ్లీ పంపాలి, మళ్లీ ఫీజు, ఇంకో ఏడాది" అన్నాడు. అనుబంధంలో ఒక పేరా వేసుకోమన్నాడు. అనుబంధం ఎవడు చదువుతాడు రఘూ? ఈ పేపర్‌తోనే ముగిస్తే నా పేరు మీద ఏం మిగులుతుంది, సుగ్గి పిల్లలకు లెక్కలు రావు అని. రేపు ఎవడో దాన్ని ఎత్తి చూపి... సరేలే, నాకు కోపం వస్తే నీకు తెలుసు కదా, ఎండుమిర్చి చట్నీ కేసు.

నేను మాత్రం నిర్ణయించుకున్నా. అవే లెక్కలు కూలీ, తరుగు, అడ్వాన్సు మాటల్లో పెట్టి నోటితో కూడా అడుగుతా. రాత పరీక్ష ఒకటి, నోటి పరీక్ష ఒకటి. ఇంకో ఏడాదంటే ఏడాదే. ఇంట్లో ఇంకా చెప్పలేదు, నువ్వూ నోరు జారకు.

నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. వీళ్లు పోయేది మీ ప్రత్తిపాడు పక్కకే. స్పౌజ్ కోటాలో అక్కడ చేరి హాయిగా ఉన్నావు గదా, కొంచెం కాళ్లు కదుపు. సాయంత్రం కాటా వేసే టైముకు మిరప చేల గట్టు మీదికి పోయి చూడు. మా వైపు పిల్లలుంటారు, కన్నడం కలిసిన మాట విన్నావంటే వాళ్లే. పలకరించు. మేస్త్రీ ముందర మాత్రం లెక్కలు అడగొద్దు. వాడు పోయినాక అడుగు, ఎట్లా కట్టారో వాళ్ల మాటల్లోనే రాసి పంపు. ఈరమ్మ దొరికితే మీ బడిలో ఈ రెండు నెలలైనా కూర్చోబెట్టేందుకు వీలుంటుందేమో మీ హెచ్‌ఎంను కదిలించు. ఆయన మనిషి ఎట్లాంటివాడు? మన కుర్చీ సారు రకమైతే ముందే

కరెంట్ పోయింది, ఫోన్ లైట్‌తో రాస్తున్నా. పొద్దున ఆరింటికే ఈరమ్మ వాళ్ల బండి, ఆ పిల్లకు పలకా, రెండు నోట్‌బుక్కులూ ఇయ్యాల. నీ ఊరి అడ్రసు కూడా చీటీ మీద రాసిస్తా.

నీ
సీనుగాడు