మన ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థులు, పోషకుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఊర్లో ఉన్నవాళ్లకే కాదు, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లకు, భివండీ, సూరత్‌లలో మగ్గాల మీద బతుకుతూ కూడా ఏటా చందా మరవకుండా పంపుతున్నవాళ్లకు కార్యవర్గం తరఫున పేరు పేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చుల పత్రం విడిగా జత చేశాం. కోశాధికారి సర్వసభ్య సమావేశంలో దాన్ని చదివి వినిపిస్తారు. అందుకని ఈ నివేదికలో పైసల ముచ్చట తక్కువ, పిల్లల ముచ్చట ఎక్కువ.

పోయినసారి సమావేశంలో మనం చేసుకున్న తీర్మానం గుర్తుండే ఉంటుంది. వార్షికోత్సవం నాడు షీల్డులు, మెమెంటోలు, శాలువాల మీద పెట్టే ఖర్చు ఈ ఏడు ఆపేసి, ఆ సొమ్ముతో పిల్లలకు సామాను కొనాలనుకున్నాం. చార్టులు, రంగులు, అట్టలు, నూలు, కత్తెరలు, అద్దాలు, టార్చిలైట్లు, ఏది అడిగితే అది. బహుమతి లేకపోతే పిల్లలకు హుషారు ఎక్కడిదని అప్పట్లో కొందరు సభ్యులు గట్టిగానే వాదించారు. ఏడాదంతా దగ్గరుండి చూశాక నాకు మాత్రం నమ్మకం కుదిరింది. తాను చేసిన పనిని నిలబడి చూసేవాళ్లు, చదివేవాళ్లు, ప్రశ్న అడిగేవాళ్లు ఉంటే మన పిల్లలకు వేరే షీల్డు అక్కర్లేదు. అట్లా చూసే మనుషుల్ని పోగు చేయడమే ఈ ఏడు సంఘం చేసిన అసలు పని.

ముందు ఒక ఇబ్బంది చెప్పాలి. నిర్మాణాత్మక మూల్యాంకనం (ఏడాది నడుమ బడిలోనే జరిగే ఎఫ్‌ఏ పరీక్ష)లో ఉండే 20 మార్కుల్లో ప్రాజెక్టు పనికి 5 మార్కులు. ఆ 5 మార్కుల కోసం ఏం జరుగుతుందో తల్లిదండ్రులందరికీ తెలుసు. పిల్లవాడు మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌కు పోతాడు, పాఠం పేరు చెప్తాడు, నాలుగు పేజీలు ప్రింటు తీయించుకుని, రంగు కాగితం అట్ట వేసి ఇస్తాడు. అందులో ఏముందో వాడూ చదవడు. తప్పు పిల్లలది కాదు. ఇంట్లో సామాను లేదు, చెప్పేవాళ్లు లేరు, ఇచ్చాక దాన్ని తిప్పి చూసేవాళ్లూ లేరు. జూన్‌లో బడిబాట (పిల్లల్ని బడిలో చేర్పించే కార్యక్రమం) అయిపోగానే ప్రధానోపాధ్యాయులతో, సార్లతో, మేడములతో కూర్చుని మాట్లాడాం. ఈ ఏడు ప్రాజెక్టు అంటే మన ఊర్లోనో, మన జిల్లాలోనో కళ్లతో చూసి, చేత్తో చేసింది అయి ఉండాలని వాళ్లే నిర్ణయం తీసుకున్నారు. ఆ నిర్ణయానికి సంఘం తరఫున ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

గోడపత్రిక

సెప్టెంబర్ 9న, కాళోజీ జయంతి సందర్భంగా జరిపే తెలంగాణ భాషా దినోత్సవం నాడు బడి వరండాలో గోడపత్రిక మొదలైంది. తెలుగు మేడం పిల్లలకు ఆ రోజు ఒక సంగతి చెప్పారు. 1922లోనే మన నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు ‘నీలగిరి’ పత్రికను తెచ్చారు. నిజాం పాలనలో, బడుల్లో ఉర్దూ రాజ్యమేలుతున్న కాలంలో, ఈ జిల్లా కేంద్రం నుంచి తెలుగు పత్రిక వెలువడింది. నూరేళ్ల కిందట వాళ్లకు అచ్చుయంత్రం, కాగితం, చందాదారులు అన్నీ కష్టమే. మనకు గోడ ఉంది, చార్టులు ఉన్నాయి, ఇక రాయకపోవడానికి సాకేముందని మేడం అడిగారట.

మొదటి సంచికలో సగం సూక్తులే. పాఠ్యపుస్తకంలో ఉన్నవే మళ్లీ చార్టు మీదికి ఎక్కాయి. రెండో సంచికకు మేడం ఒకటే నిబంధన పెట్టారు: పుస్తకంలో ఉన్నది వద్దు, ఇంట్లో ఉన్నది రాయండి. అక్కడి నుంచి పత్రిక రూపమే మారిపోయింది. నాయనమ్మలు, అమ్మమ్మల దగ్గర కూర్చుని పొడుపు కథలు రాసుకొచ్చారు. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు వాళ్ల నాయన కల్లు గీయడానికి తాడిచెట్టు ఎక్కే సరంజామా అంతా బొమ్మ గీశాడు. మోకు, ముస్తాదు, కత్తి, లొట్టి ఒక్కోటి ఎట్లా కడతారో, ఏది ఎందుకో పక్కనే రాశాడు. మోకు పేనిన తీరును పెన్సిలుతో ఎంత ఓపికగా దిద్దాడంటే, పోగు పోగు లెక్కపెట్టొచ్చు. క్లాసులో నోరు విప్పని పిల్లవాడని సార్లు అనే ఆ అబ్బాయి, చార్టు ముందు నిలబడినవాళ్లందరికీ అరగంట సేపు వివరించి చెప్పాడు.

బత్తాయి తోట గురించి తొమ్మిదో తరగతి అమ్మాయి రాసిన వ్యాసం కూడా చెప్పుకోవాలి. బోరు ఎండిపోయిన ఏడు వాళ్ల తాత ఏ చెట్లకు నీళ్లు పెట్టాలో, ఏ చెట్లను వదిలేయాలో ఎంచుకున్న రోజును రాసింది. అందులో ఏడుపు లేదు, ఉపన్యాసం లేదు. ఏ వరుస ఉంచారు, ఏ వరుస కొట్టేశారు, కట్టె ఎవరికి అమ్మారు, అంతే. ఆ వ్యాసం చదివి మన సభ్యులు ఇద్దరు ఆ అమ్మాయికి ఉత్తరాలు రాశారు. వచ్చిన ఉత్తరాలను ఆమె తర్వాతి సంచికలో అంటించింది. పాఠకుల ఉత్తరాల శీర్షిక అట్లా పుట్టింది.

పానగల్లు ప్రయాణం, అట్టపెట్టె గుడి

నవంబర్‌లో తొమ్మిదో తరగతిని పానగల్లు తీసుకుపోయాం. బస్సు ఖర్చు సంఘానిది. కుందూరు చోడుల కాలపు ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం, ఉదయ సముద్రం కట్ట అన్నీ ఒక్కరోజులో చూశారు. నల్లగొండ పక్కనే ఉన్నా, పిల్లల్లో ఎక్కువ మంది అంతకు ముందు ఆ గుడి చూడలేదు.

ఛాయా సోమేశ్వరంలో పొద్దంతా లింగం మీద స్తంభపు నీడ కదలకుండా ఉంటుందని మనందరం విన్నదే. పొద్దున చూశారు, మధ్యాహ్నం తిండి తిన్నాక మళ్లీ పోయి చూశారు. “నీడ ఆడనే ఉంది సార్, జరుగుతలేదు!” అని పిల్లలు అరిచిన అరుపు గుడంతా వినిపించింది. ఏ స్తంభం నీడో కనిపెడదామని ఒక్కొక్కరు ఒక్కో స్తంభం పక్కన నిలబడ్డారు. ఎవరి నీడా లోపల పడలేదు.

అసలు పని తిరిగొచ్చాక మొదలైంది. భౌతికశాస్త్రం సార్ జవాబు చెప్పలేదు, గుడిని కట్టి చూడమన్నారు. చెప్పుల డబ్బాలతో గర్భగుడి, సుద్దముక్కలతో స్తంభాలు, లోపల లింగానికి బదులు నల్ల గోలీకాయ. టార్చిలైటు వేస్తే నీడ పడింది గానీ, టార్చి కదిపితే నీడా కదిలింది. రెండు వారాలు అక్కడే ఆగిపోయారు. స్తంభాలు మార్చారు, దూరాలు మార్చారు. చివరికి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నతో దారి దొరికింది: “గుళ్లోకి ఎండ తిన్నగా వచ్చిందా మనం చూసినప్పుడు?” రాలేదు. వెలుగు వచ్చింది గానీ ఎండ రాలేదు. వెంటనే డబ్బాకు రెండు పక్కలా సందులు కోసి, వాటికి వెన్నకాగితం అంటించారు. ఇప్పుడు టార్చి ఎటు తిప్పినా, వెలుగు ఆ రెండు సందుల దగ్గర చెదిరి, ఎప్పుడూ అదే చోటు నుంచి లోపలికి వస్తుంది. రెండు పక్కల వెలుగూ అందని మధ్యభాగంలో నీడ నిలబడిపోయింది. సూర్యుడు కదిలినా గుడి వాకిళ్లు కదలవు కదా అని ఆ అమ్మాయే తోటివాళ్లకు చెప్పింది.

దాన్ని చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇక్కడ దాచుకోను. మన పూర్వీకుల శిల్పులు రాతిలో చేసిన పనిని మన పిల్లలు చెప్పుల డబ్బాతో అర్థం చేసుకున్నారు. కాంతి పాఠంలో వాళ్లకు మార్కులు ఎట్లా వచ్చాయన్నది నేను అడగలేదు, అడగాల్సిన అవసరమూ కనిపించలేదు.

ఆసు

మన ఊరి పద్మశాలి ఇళ్ల పిల్లలు నలుగురు కలిసి చిటికీ నేత (ఇక్కత్) మీద పని చేశారు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి, నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి తేలియా చేసే తీరు, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల లెక్క, అన్నీ నేత పెద్దలను అడిగి రాశారు. అయితే చూసినవాళ్లను ఆపింది వాళ్లు చేసిన చిన్న ఆసు చట్రం, అంటే నేతకు ముందు నూలు పోగులను పేర్చుకునేది. అర్ధచంద్రం మీద వరుసగా మేకులు, ఎదురుగా మధ్యలో ఒక మేకు. నూలు పోగును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి అట్లా ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారని, 2017లో పద్మశ్రీ అందుకున్నారని పిల్లలకు పాఠంగా చెప్పొచ్చు. కానీ వీళ్లు ఒక ఉపాయం చేశారు. చట్రం ముందుకు వచ్చిన ప్రతివాళ్లనూ వంద సార్లు పోగు తిప్పమన్నారు. మండలం నుంచి వచ్చిన అధికారి మొదలుకొని అందరూ తిప్పారు. వంద అయ్యేసరికి భుజం పట్టుకున్నవాళ్లే ఎక్కువ. మిగతా 8,900 ఎవరు తిప్పుతారని ఆ పిల్లలు నవ్వుతూ అడిగారు. వాళ్ల అమ్మలు పక్కనే ఉన్నారు.

ఊరి ముందు ప్రదర్శన

ఈ పనులన్నీ సంక్రాంతి సెలవులకు ముందు ప్రదర్శనకు పెట్టాం. బడిలో కాదు, గ్రామపంచాయతీ ఆవరణలో. పగలు కాదు, పొద్దుగూకినాక. ఈ మార్పు చిన్నదిగా కనబడొచ్చు గానీ, నా లెక్కలో ఈ ఏడు తీసుకున్న అన్ని నిర్ణయాల్లో ఇదే పెద్దది. బడిలో పగటిపూట ఏది పెట్టినా పత్తి ఏరను పోయే తల్లి రాలేదు. కైకిలి పోగొట్టుకుని రమ్మని పిలవడం న్యాయమూ కాదు. అందుకే కూలీలు ఇల్లు చేరి, వంట చేసుకుని, తిన్నాక చూసేటట్టు పెట్టాం. పంచాయతీ కార్యదర్శి లైట్లు పెట్టించారు. యువజన సంఘం పిల్లలు బల్లలు మోశారు.

జనం వచ్చారు, ఆగి చూశారు. చదవడం రాని ఒక అవ్వ గోడపత్రిక ముందు నిలబడి, “మా మనుమరాలు రాసిందా ఇది? ఎవలన్న సదివి ఇనిపియ్యుండ్రి” అంది. ఆ మనుమరాలే చదివి వినిపించింది. రాసింది ఆ అవ్వ చెప్పిన కథే. నడుమ రెండుచోట్ల తప్పు పోయిందని అవ్వ దిద్దింది. తర్వాతి సంచికలో ఆ దిద్దుబాటు అచ్చంగా అవ్వ పేరుతో వచ్చింది.

ఫ్లోరైడ్ మీద పదో తరగతి పెట్టిన బల్ల దగ్గర పెద్దవాళ్లు ఎక్కువసేపు నిలబడ్డారు. వంగిపోయిన నడుములు, గారపట్టిన పళ్లు మన దగ్గర ఎవరికీ కొత్త కాదు. పాత చేతిపంపు నీళ్లకు పటిక, సున్నం కలిపి, కలియబెట్టి, తేట దించే నల్లగొండ పద్ధతిని పిల్లలు చేసి చూపించారు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించిన ఈ విధానానికి మన జిల్లా పేరే పెట్టారని తెలిసి చాలామంది ఆశ్చర్యపోయారు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని చార్టులో పెద్దక్షరాలతో రాశారు. ఇది చూపించడానికే, తాగడానికి భగీరథ నల్లా నీళ్లే వాడండని ప్రతి ఒక్కరికీ చెప్పి పంపారు. అట్లా బాధ్యతగా చెప్పడం నాకు ప్రయోగం కంటే ఎక్కువ నచ్చింది.

మిగతావి

బతుకమ్మ సంబురం, బాలల దినోత్సవం, సైన్స్ దినోత్సవం ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఇన్‌స్పైర్ మనక్‌కు (బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే అవార్డు) బడి నుంచి ఆలోచనలు పంపారు, ఎంపిక కాలేదు. పత్తి ఏరేటప్పుడు నడుముకు కట్టుకునే సంచి బరువు భుజాల మీదికి మళ్లేటట్టు ఏడో తరగతి అమ్మాయి వేసిన పట్టీ నమూనా మాత్రం ఊర్లో ఇద్దరు ముగ్గురు కుట్టించుకున్నారు. కళా ఉత్సవ్ అనే బడి పిల్లల కళల పోటీలకు కథ చెప్పే విభాగంలో మన పిల్లలు పోయి వచ్చారు.

పాట విషయంలో మాత్రం వెనకబడి ఉన్నాం. మన బడిలో సంగీతం, డ్రాయింగ్ నేర్పే మాస్టార్లు లేరు. డ్రాయింగ్‌కు రిటైరైన ఒక మాస్టారు శనివారాలు వచ్చి నేర్పారు, దారి ఖర్చులు కూడా తీసుకోలేదు. చెక్కభజన భజన బృందం పెద్దలు నేర్పారు. పాలమూరు వైపు కిన్నెర మొగులయ్యకు 2022లో, బుర్రవీణ దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. అటువంటి వాద్యాన్ని మన పిల్లలు టీవీలో తప్ప చూడలేదు. వచ్చే ఏడు దక్షిణ తెలంగాణ వాద్యకారులను ఒక్కరినైనా బడికి పిలిపించాలని కార్యవర్గం అనుకుంటున్నది.

పదో తరగతి పిల్లలకు ఇవన్నీ ఎందుకు, ప్రత్యేక తరగతులు చాలవా అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. వాళ్ల భయం మాకు అర్థమవుతుంది, ఇంటికి మొదటిసారి పది పాసయ్యే పిల్లలు వాళ్లు. సంక్రాంతి దాకా వీటిలో ఉండి, ఆ తర్వాత పూర్తిగా పరీక్షల చదువుకే అన్న ఒప్పందానికి వచ్చాం. ఈ ఒప్పందం వచ్చే ఏడు కూడా ఉండాలని సంఘం కోరుతున్నది. పదో తరగతి నుంచి ఈ పనులను పూర్తిగా తీసేస్తే, తొమ్మిదో తరగతి నాటికే పిల్లలు వాటిని అక్కరకు రానివిగా చూస్తారు.

సభ్యులకు మనవి

పిల్లలు చేసినవి ఇప్పుడు సైన్స్ గదిలో ఒక మూలకు ఉన్నాయి. చెప్పుల డబ్బా గుడి అంచులు అప్పుడే నలిగాయి. అద్దాల తలుపుల బీరువా ఒకటి కావాలి. గోడపత్రిక చార్టులను చుట్టి పెడితే చెద పడుతుంది, వాటిని ఫొటోలు తీసి పుస్తకంగా కుట్టించాలి. పాత నాగలి, గూన, మోట బొక్కెన, మగ్గం నాడె వంటివి ఇంట్లో మూలకు పడి ఉంటే బడికి ఇవ్వండి, వాడిన తీరు ఒక గంట కూర్చుని పిల్లలకు చెప్పండి. దూరంలో ఉన్న సభ్యులకు గోడపత్రిక ప్రతి సంచికనూ వాట్సాప్‌లో పంపుతాం. బాగుందని బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోకుండా, రాసిన పిల్లకో పిల్లవాడికో నాలుగు వాక్యాలు రాసి పంపండి. బీరువాకు ముందుకొచ్చే దాతలు సర్వసభ్య సమావేశానికి ముందే కోశాధికారికి పేరు చెప్తే, బడి తెరిచే నాటికి చేయించవచ్చు.

ఇట్లు
కార్యదర్శి, కార్యవర్గం తరఫున