మందు కల్లు: దాడి జరిగిన నాలుగో రోజు సంగతి కూడా రాయండి

సంపాదకుల గారికి,

మత్తుమందు కలుపుతున్నారని కల్లు దుకాణాల మీద ఎక్సైజ్ వాళ్లు దాడి చేసినప్పుడల్లా పేపర్లలో రెండు వార్తలొస్తాయి. మొదటి రోజు సీజ్ చేసిన డబ్బాలు, వాటి వెనక వరసగా నిలబడ్డ అధికారుల ఫొటో. నాలుగైదు రోజులు పోయాక జిల్లా పేజీలో ఓ మూల "కల్లు దొరక్క వింత చేష్టలు" అని, ఎవరో గోడలు గీకుతున్నారనీ ఎవరో బట్టలు చించుకున్నారనీ నవ్వుకోవడానికి వేసినట్టు ఒక ముక్క. రెండోది మొదటిదాని వల్లే వచ్చిందని కలిపి రాసినవాళ్లని నేను చూడలేదు. నిజామాబాద్ వైపు ప్రభుత్వ ఆస్పత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను, కల్లు ఆగిపోయి అలా అయిన ఆ నాలుగో రోజు మనుషులకి రాత్రిళ్లు కాపలా ఉన్నదాన్ని, కాబట్టి రాస్తున్నాను.

ముందు సీసాలో ఏముందో చూడండి. ఈత కల్లైనా తాటి కల్లైనా, చెట్టు మీంచి దింపింది సాయంత్రానికి బాగా పులిసినా మహా అయితే బీరంత ఎక్కుతుంది. చెట్లు తగ్గిపోయాయి, తాగేవాళ్లు తగ్గలేదు. ఆ లోటు నీళ్లు, శాకరిన్, మత్తుమందుతో పూడుస్తారు. మా వైపు దాన్ని మందు కల్లు అనే అంటారు, అందులో రహస్యమేం లేదు, తాగేవాళ్లకీ తెలుసు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్ కలిపేవాళ్లు (దుకాణాల్లో సీహెచ్ అంటారు), తర్వాత డైజోఫాం అని పిలుచుకునే డయజిపామ్ వచ్చింది, ఇప్పుడు పట్టుబడేది ఎక్కువగా అల్ప్రాజోలం. కారణం సింపుల్, చిటికెడు చాలు. ఆందోళనకీ నిద్రకీ డాక్టరు రాసే అల్ప్రాజోలం బిళ్ల పావు మిల్లీగ్రామో అర మిల్లీగ్రామో ఉంటుంది. అంటే ఒక్క కిలో పొడి 40 లక్షల పావు మిల్లీగ్రాము బిళ్లలతో సమానం. మాదకద్రవ్యాల చట్టంలో అల్ప్రాజోలంకి 100 గ్రాములు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, పదేళ్లకి తక్కువ కాకుండా శిక్ష. ఆ పొడిని డ్రమ్ములో కర్రపెట్టి కలిపేవాడికి తూకం ఎక్కడిది? ఒక సీసాలో ఏమీ ఉండదు, పక్క సీసాలో మనిషి ఊపిరి ఆగేంత ఉంటుంది. 2025 జూలైలో కూకట్‌పల్లిలో అంతమంది ఆస్పత్రి పాలై, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నాక హైదరాబాద్ వాళ్లకి ఈ సంగతి కొత్తగా తెలిసింది. మా జిల్లాల్లో పాతదే.

ఎందుకు తాగుతావమ్మా అంటే చాలామంది చెప్పే జవాబు ఒకటే, నిద్ర పడుతుంది మేడమ్ అని. ఆడవాళ్లయితే మరీ. పొద్దంతా బీడీలు చుట్టి నడుం పట్టేసి, రాత్రికి ఒక సీసా తాగి పడుకుంటారు. పడుకుంటారు, నిజమే, కానీ అది నిద్రలాగా కనిపించే మగత. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు నిద్రపోయే మనిషి కళ్లు రెప్పల కింద వేగంగా కదిలే దశ ఒకటుందని ప్రచురించారు, మన గుర్తుండే కలలు ఎక్కువగా ఆ దశలోవే. దాదాపు గంటన్నరకోసారి ఆ దశ వస్తూ పోతూ ఉంటుంది, దాని ముందు గాఢనిద్ర. డయజిపామ్, అల్ప్రాజోలం జాతి మందులు ఆ గాఢనిద్రనీ కోస్తాయి, కలల దశనీ కోస్తాయి, మధ్యలో ఉండే తేలిక నిద్రని పెంచుతాయి. అందుకే తెల్లారి లేచాక ఒళ్లు బరువు, తల దిమ్ము. ఇంకో గుణం కూడా ఉంది. మందు పనిచేస్తున్నంతసేపూ జరిగింది మెదడు దాచుకోదు. మనిషి మాట్లాడతాడు, నడుస్తాడు, అన్నం తింటాడు, మర్నాడు ఒక్కటీ గుర్తుండదు. ఆపరేషన్‌కి ముందు అదే జాతి మిడజోలం ఇంజెక్షన్ ఇవ్వడంలో ఒక లాభం ఇదే, థియేటర్‌లోకి తీసుకెళ్లిన సంగతి రోగికి గుర్తుండదు. ఆస్పత్రిలో మేలు చేసే గుణమే దుకాణంలో భార్యాభర్తల గొడవై కూర్చుంటుంది, "నేనెప్పుడన్నాను ఆ మాట" అని మగడు ఒట్టు పెట్టుకుంటే అతను అబద్ధమాడుతున్నట్టే లెక్క ఇంట్లోవాళ్లకి.

ఇక ఆగిపోయినప్పుడు. మెదడులో గాబా అనే రసాయనం బ్రేకు లాంటిది, ఈ మందులు ఆ బ్రేకుని గట్టిగా తొక్కి పట్టుకుంటాయి. నెలల తరబడి ఎవరో బయటినుంచి తొక్కుతుంటే మెదడు తన బ్రేకు తాను వాడుకోవడం తగ్గించేస్తుంది. దుకాణం మూతపడిన మర్నాటికి బయటి కాలు తీసేసినట్టే. అల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, చెమటలు, నిద్ర అస్సలు లేకపోవడం, కొందరికి ఫిట్స్. డయజిపామ్ కలిపిన కల్లయితే అది మెల్లగా దిగుతుంది, వారం దాకా ఏమీ కాకపోవచ్చు, మనకేం కాలేదులే అనుకున్న ఇంట్లో అప్పుడు మొదలవుతుంది. ఇన్నాళ్లు అణిగిన కలల దశ కూడా రెట్టింపుగా తిరిగొస్తుంది, కునుకు పట్టిందంటే పీడకలే. ముదిరితే స్పృహే మబ్బు పట్టిపోతుంది, డాక్టర్లు డెలీరియం అంటారు.

ఒకామె గుర్తుంది నాకు. మంచం మీద కూర్చుని, ఒళ్లో చాట ఉన్నట్టు మోకాళ్లు మడుచుకుని, లేని తునికాకుని లేని కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పక్కన పెడుతోంది. వేళ్లు ఎక్కడా తప్పట్లేదు. పేరడిగితే చెప్పింది. ఇదెక్కడమ్మా అంటే కార్ఖానా అంది. "ఇంకొక్క కట్ట తక్కువున్నది సారూ, గిప్పుడే ఇస్త" అని నన్నే బతిమాలింది. పగలు కాస్త తేటగా ఉండేది, కూతుర్ని గుర్తుపట్టేది, పొద్దు గూకగానే మళ్లీ చాట ముందు. ఆమెని మా దగ్గరికి తేవడానికి ముందు గాలి సోకిందని రెండు మూడు రోజులు మంత్రాలు వేయించారు, ఆ మంత్రగాడి దగ్గరే ఫిట్స్ వచ్చింది కాబట్టి ఆస్పత్రి మొహం చూసింది, లేకపోతే అదీ లేదు.

దీన్ని పిచ్చి అని రాస్తే ఇంట్లోవాళ్లు పిచ్చికి చేసే పనులే చేస్తారు, గదిలో పెట్టి తాళం వేస్తారు, కట్టేస్తారు. తేడా పట్టుకోవడం పెద్ద విద్య కాదు. రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా రావడం, పగలు తగ్గి రాత్రి పెరగడం, ఎక్కడున్నదీ ఏ పూటో తెలియకపోవడం, పురుగులూ మనుషులూ కళ్లకి కనిపించడం, ఒళ్లు చెమటలు పట్టి గుండె దడదడలాడటం, ఇవి ఒకచోట కలిశాయంటే అది ఒంట్లో జరుగుతున్న గొడవ, ఆస్పత్రికి పరిగెత్తాల్సిన సంగతి. వైద్యం కూడా ఖరీదైనదేం కాదు. అదే జాతి మందుని, ఎక్కువసేపు నిలిచేది, లెక్క ప్రకారం ఇచ్చి రోజులూ వారాల మీద మెల్లగా తగ్గిస్తారు. తాగుడు కూడా ఉంటే థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్, సెలైన్. రాత్రి లైటు ఆర్పకూడదు, తెలిసిన మనిషి పక్కన ఉండాలి, మాటిమాటికీ ఇది ఆస్పత్రి, ఇవాళ ఫలానా వారం అని చెబుతుండాలి. మా బీడీలామె నడిచి ఇంటికెళ్లింది.

అందుకే నాకు దాడుల మీద కోపం లేదు, దాడి చేసే పద్ధతి మీద ఉంది. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మందు కలపడం ఒక్కసారిగా ఆపించారు, ఆ తర్వాత వందలమంది ఆస్పత్రుల ముందు క్యూ కట్టారు, చావులు కూడా వార్తల్లోకొచ్చాయి. అప్పుడే అర్థమై ఉండాల్సింది. ఒక మండలంలో దుకాణాలు మూయించే ముందు వైద్యశాఖకి చెప్పడానికి ఎక్సైజ్ వాళ్లకి ఒక ఫోన్‌కాల్ చాలు. పీహెచ్‌సీలో డయజిపామ్ ఉందా, జిల్లా ఆస్పత్రిలో మంచాలు ఉన్నాయా, ఆశా వర్కర్లకి ఈ లక్షణాలు చెప్పారా, ఇవి చూసుకుని మూయించండి. రహస్యం బయటపడితే వ్యాపారులు తప్పించుకుంటారంటారు, సరే, దాడి అయిన గంటకైనా చెప్పండి. చెట్టెక్కి నికార్సైన కల్లు దింపే గీత కార్మికుడిని కూడా ఈ పొడి వ్యాపారులతో కలిపి దొంగని చేయడం ఇంకో అన్యాయం, దాని గురించి రాస్తే ఇంకో ఉత్తరమవుతుంది.

ఇది చదివి కల్లు తాగేవాళ్ల గోల మనకెందుకనుకునే పాఠకులకి ఒక మాట. ఆఫీసు టెన్షన్‌కని, నిద్ర పట్టట్లేదని, ఎప్పుడో ఐదేళ్ల కిందట డాక్టరు పదిరోజులకి రాసిన చీటీతో ఇప్పటికీ రాత్రి సగం బిళ్ల వేసుకునేవాళ్లు మన ఇళ్లల్లో చాలామంది ఉన్నారు. ఆ స్ట్రిప్పు వెనక చదవండి, అదే అల్ప్రాజోలం పేరుంటుంది. షెడ్యూల్ హెచ్1 మందు అది, మెడికల్ షాపు రిజిస్టర్‌లో డాక్టరు పేరు, మీ పేరు రాసుకుని ఇవ్వాలి. ఎంతమంది రాసుకుంటున్నారో మీకే తెలుసు. ఇవాళ జ్ఞానోదయమై రేపట్నుంచి టక్కున మానేయకండి, మీక్కూడా నాలుగో రోజుంటుంది. డాక్టర్ని అడిగి కొంచెం కొంచెంగా తగ్గించుకోండి.

మీకు నా విన్నపం చిన్నది. ఈసారి దాడి ఫొటో వేసినప్పుడు దాని కిందే రెండు లైన్లు వేయండి: కల్లు ఆగిపోయి వణుకు, నిద్రలేమి, తికమక మాటలు మొదలైతే వెంటనే ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లండి, సలహాకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, వ్యసనాల హెల్ప్‌లైన్ 14446. నాలుగో రోజు కాదు, మొదటి రోజే వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
కామారెడ్డి జిల్లా