హేస్టింగ్స్ దారిలో కొంచెం ముందే దిగు

చిరంజీవి అమ్మలుకు,

నాన్న ఆశీస్సులు. వచ్చే శనివారం సముద్రం చూడ్డానికి హేస్టింగ్స్ వెళ్తున్నానని ఫోన్లో అన్నావు. ఆ పేరు విన్నప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. ముప్పై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పాను. "1066లో నార్మండీ డ్యూక్ విలియం, ఇంగ్లండ్ రాజు హెరాల్డ్‌ను ఓడించాడు" అని ఒక్క ముక్కలో చెప్పి పేజీ తిప్పేవాణ్ణి. ఆ ముక్కలో హెరాల్డ్‌కు అన్యాయం జరిగింది. నీకైనా సరిగ్గా చెప్పాలి.

హేస్టింగ్స్ యుద్ధం అని పేరే కానీ, అది జరిగింది హేస్టింగ్స్ ఊళ్లో కాదు. ఇవతల పది కిలోమీటర్ల దూరంలో. ఆ ఊరి పేరే ఇప్పుడు బాటిల్. నీ రైలు అక్కడ ఆగుతుంది, దిగు.

ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ 1066 జనవరి 5న పిల్లల్లేకుండా కన్నుమూశాడు. మర్నాడే హెరాల్డ్‌కు పట్టం కట్టారు. ఎడ్వర్డ్ ఆ సింహాసనం తనకిస్తానన్నాడనీ, హెరాల్డ్ తనకు ప్రమాణం చేశాడనీ విలియం వాదన. అతను దండెత్తి వస్తాడని తెలిసి హెరాల్డ్ వేసవంతా దక్షిణ తీరంలో సైన్యంతో కాపు కాశాడు. గాలి అనుకూలించక విలియం ఫ్రాన్స్ తీరం నుంచి సముద్రం దాటి రాలేదు. సెప్టెంబరు 8 నాటికి తిండిగింజలు అయిపోయాయి. పల్లెల నుంచి వచ్చిన మనుషుల్ని ఇళ్లకు పంపక తప్పలేదు.

సరిగ్గా అప్పుడే ఉత్తరాన నార్వే రాజు హెరాల్డ్ హార్డ్రాడా దిగాడు. వెంట ఉన్నదెవరు? మన ఇంగ్లండ్ హెరాల్డ్ సొంత తమ్ముడు టాస్టిగ్! హెరాల్డ్ లండన్ నుంచి దాదాపు మూడు వందల కిలోమీటర్లు పరుగున వెళ్లి, సెప్టెంబరు 25న స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జి దగ్గర వాళ్ల మీద పడ్డాడు. నార్వే రాజూ టాస్టిగ్ ఇద్దరూ చచ్చిపోయారు. మూడు వందల ఓడల్లో వచ్చినవాళ్లలో మిగిలినవాళ్లకు 24 ఓడలు సరిపోయాయని ఆనాటి ఇంగ్లీషు వాళ్లే రాసుకున్నారు. ఇంత గొప్ప గెలుపు తర్వాత మూడు రోజులకే, 28న, విలియం పెవెన్సీలో దిగాడు. మళ్లీ అంత దూరమూ వెనక్కి.

లండన్‌లోనే కొన్నాళ్లు ఆగి, బలం కూడగట్టుకుని వెళ్లాల్సిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను, అమ్మలూ. విలియం తగలబెడుతున్న ఊళ్లు హెరాల్డ్ కుటుంబపు సొంత సీమలోవి. బేయూ కుట్టుపని ఉంది చూడు, దాదాపు డెబ్బై మీటర్ల పొడవు గుడ్డ, ఈ కథంతా దారంతో కుట్టింది. అందులో ఒకచోట ఇల్లు కాలిపోతుంటే ఒక తల్లి బిడ్డ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా నా చూపు అక్కడే ఆగిపోతుంది. అలాంటి కబురు విన్న రాజు లండన్‌లో ఎలా కూర్చుంటాడు?

అక్టోబరు 14. పొద్దున మొదలైన పోరు చీకటి పడేదాకా సాగింది. ఇంగ్లీషు వాళ్లు గట్టు మీద డాలుకు డాలు ఆనించి గోడకట్టారు. నార్మన్ గుర్రాలు కింద నుంచి ఎక్కలేక ఎక్కలేక వెనుదిరిగాయి. విలియం పోయాడన్న పుకారు పుడితే, శిరస్త్రాణం ఎత్తి ముఖం చూపించుకోవాల్సి వచ్చింది. పారిపోతున్నారనుకుని ఇంగ్లీషు వాళ్లు గట్టు దిగి తరిమారు. అక్కడే గోడ చెదిరింది. హెరాల్డ్, అతని ఇద్దరు తమ్ముళ్లు గిర్త్, లియోఫ్‌విన్ ఆ రోజే నేలకొరిగారు.

ఆ క్రిస్మస్‌కు విలియం రాజయ్యాడు. ఉత్తరాన తిరగబడితే 1069-70 చలికాలంలో ఊళ్లకు ఊళ్లు కాల్చేశాడు. 1086లో భూములన్నీ లెక్కరాయిస్తే, అక్కడ ఎన్నో పల్లెల పేర్ల పక్కన "పాడు" అనే రాశారు. గెలిచిన నార్మన్లకూ ఓడిన ఇంగ్లీషు వాళ్లకూ ఉన్న తేడా మాటల్లో కూడా ఉండిపోయింది. గొర్రెను కాసిన ఇంగ్లీషువాడి మాట షీప్, దాన్ని తిన్న నార్మన్ దొర మాట మటన్. మనింట్లో ఆదివారం మీ అమ్మ నోట వచ్చేది ఆ దొరల మాటే.

బాటిల్‌లో విలియం కట్టించిన మఠం శిథిలాలున్నాయి. హెరాల్డ్ పడ్డచోటే బలిపీఠం పెట్టించాడని చెబుతారు, గుర్తుగా ఒక రాయి ఉంది. దాని దగ్గర కాసేపు నిలబడు. తర్వాత కిందికి దిగి, నార్మన్లు ఎక్కిన వైపు నుంచి మెల్లగా పైకి నడువు. అక్కడ గడ్డి తడిగా ఉంటుందేమో, మంచి బూట్లు వేసుకో. ఆ వాలు ఎంత ఉందో, ఎక్కుతుంటే ఆయాసం వచ్చిందో లేదో నాకు రాయి.

నాన్న