క్లబ్బు చరిత్ర జీతాల పుస్తకంలోనూ ఉంది: సాంస్కృతిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

తెలంగాణ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

2022 జనవరి 16 తెల్లవారుజామున సికింద్రాబాద్ క్లబ్ ప్రధాన భవనం కాలిపోయింది. 1878లో మొదలైన క్లబ్బు అది. నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ ఇచ్చిన వేట బంగళాలో పెరిగింది. ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడల్లా అందరూ గోడల గురించి, పైకప్పు గురించే మాట్లాడతారు. మేం అడుగుతున్నది పాత క్లబ్బుల బీరువాల్లో ఉన్న కాగితాల గురించి.

దొరల కాలం క్లబ్బు చరిత్ర అనగానే అధ్యక్షుల పేర్ల బోర్డు, వెండి కప్పులు చూపిస్తారు. అది సగమే. ఎవరిని రానిచ్చారో, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపారో సభ్యత్వ ప్రతిపాదనల పుస్తకం చెబుతుంది. భారతీయులకు తలుపు తెరవని క్లబ్బులు ఉండబట్టే కదా 1907లో కలకత్తా క్లబ్ పుట్టింది! ఆటల చరిత్రా క్లబ్బులతో ముడిపడినదే. జబల్‌పూర్ సైనిక మెస్సులో 1875లో పుట్టిన స్నూకర్‌కు 1882లో ఊటీ క్లబ్బులో నియమాలు రాసి గోడకు పెట్టారు. ఇక బిలియర్డ్స్ మార్కర్లు (ఆటలో పాయింట్లు లెక్కపెట్టేవాళ్లు), టెన్నిస్ బంతులు ఏరే కుర్రాళ్లు, మాలీలు, బేరర్లు కనిపించేది జీతాల రిజిస్టర్లలోనే. చిత్తుకాగితాల కింద ముందు అమ్మేసేవి కూడా అవే.

నిప్పు కంటే దాన్ని ఆర్పిన నీళ్లతోనే రికార్డులకు ఎక్కువ చేటు. తడిసిన పుస్తకానికి మన వేడిలో 48 గంటల్లో బూజు పడుతుంది. ఎండలో పెడితే అట్టలు వంకరపోతాయి. నున్నటి కాగితమైతే పుటలు అంటుకుపోయి మళ్లీ విడిరావు. తెరవకుండా చుట్టి మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టిస్తే ఆరబెట్టే పనికి నెలల గడువు దొరుకుతుంది. కూరగాయల కోల్డ్ స్టోరేజీ ఇందుకు పనికిరాదు, ఐస్‌క్రీం నిల్వచేసేది కావాలి. మసి పట్టిన పుటను తడిగుడ్డతో తుడవకూడదు, మసి లోపలికి దిగిపోతుంది.

ప్రమాదమేమీ లేకపోయినా ఇనుము కలిసిన పాత సిరా కాగితాన్ని తినేస్తూనే ఉంటుంది. అక్షరం ఉన్నచోటే చిరుగుతుంది. దాని మీద సెల్లో టేపు వేయడం, లామినేషన్ చేయించడం మంచి ఉద్దేశంతో చేసే పాడు పని.

1972 నాటి పురావస్తువుల చట్టం 75 ఏళ్లు దాటిన చారిత్రక రికార్డును పురావస్తువుగానే లెక్కిస్తుంది. కానీ దాని పట్టింపు ప్రధానంగా అమ్మకం, ఎగుమతుల మీదే. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ప్రైవేటు క్లబ్బుల జోలికి రాదు. అందుకే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ నుంచి ఒక బృందాన్ని పంపి, క్లబ్బుల అనుమతితో జాబితా రాయించండి. కుట్టు విప్పకుండా, పుస్తకాన్ని బోర్లించి నొక్కకుండా, పైనుంచి కెమెరాతో 400 డీపీఐలో (అంగుళానికి 400 చుక్కల స్పష్టతతో) నకలు తీయించి, ఒక ప్రతి ఆర్కైవ్స్‌లో ఉంచండి. జీతాల రిజిస్టర్లతో మొదలుపెట్టండి. సభ్యుల బాకీలు బయటపడతాయని క్లబ్బులు జంకవచ్చు. 75 ఏళ్లు దాటినవాటికే పరిమితమైతే ఆ పేచీ చాలావరకు ఉండదు.

ఇట్లు
పాత రికార్డుల సంరక్షణ పనిలో ఉన్నవారు