లక్కపిడతల పక్కన రష్యా బొమ్మ

బెంగళూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు తిట్టుకునే ఉంటావు, ఏమీ అనుకోకు. ఆఫీసులో రిలీజ్ టెన్షన్, పాప పరీక్షలు, మధ్యలో అమ్మ కంటి ఆపరేషన్. బాగానే జరిగింది, నిన్న పేపరు తనే చదువుకుంది. మేమంతా కులాసా. చెల్లెమ్మ ఉద్యోగం సంగతి ఏమైందో రాయి.

ఇక అసలు విషయం. దసరాకి మా అపార్ట్‌మెంట్‌లో ఒక గొడవ జరిగింది. అప్పట్నుంచి ఎవరికైనా చెప్పుకోవాలని ఒకటే ఇది. ఫోన్‌లో అయితే సగంలో నువ్వు ఏదో పాత జోకు అందుకుంటావు, నాకు నవ్వొస్తుంది, చెప్పేది కాస్తా పోతుంది. అందుకే రాస్తున్నాను.

మనవైపు బొమ్మల కొలువంటే సంక్రాంతికే కదా. ఇక్కడ కన్నడవాళ్లూ తమిళులూ దసరాకి పెడతారు. మైసూరు వైపు పెళ్లయిన ఆడపిల్లకి పుట్టింటివాళ్లు రాజు, రాణి కర్రబొమ్మల జత ఇచ్చి పంపుతారట, ఆ జత కొలువులో పైమెట్టు మీద ఉండాల్సిందే. మా అసోసియేషన్ వాళ్లు ఈసారి కింద హాల్లో అందరికీ కలిపి ఒకే కొలువు పెడదాం, ఎవరి ఊరి బొమ్మలు వాళ్లు తెండి అన్నారు. అమ్మ ఏం తెచ్చిందో నీకు చెప్పక్కర్లేదు. మన అనకాపల్లి వైపు ఏటికొప్పాక లక్కపిడతలు! ఆ ఎర్ర తిరగలికి పిడి విరిగింది ఎవరివల్లో నీకూ నాకూ తెలుసు, అమ్మకి ఇప్పటికీ తెలీదు.

మూడో అంతస్తులో ఒక డాక్టరమ్మాయి ఉంది, మాస్కోలో చదువుకుని వచ్చింది. ఆ అమ్మాయి ఒక రష్యా బొమ్మ తెచ్చింది. ఒకదాని కడుపులో ఒకటి ఉంటాయి చూడు, మత్రియోష్కా, అది. అక్కడ హాస్టల్లో వంట చేసే పెద్దావిడ వచ్చేటప్పుడు చేతిలో పెట్టిందట. అమ్మ లక్కపిడతల పక్కన చోటుంటే అక్కడ పెట్టింది.

మా 'ఎ' బ్లాకులో ఒక పెద్దాయన ఉన్నారు, రిటైరైన ఇంజనీరు. ఆయన వచ్చి బొమ్మ తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టి, "ఇది మన పండగమ్మా, మన బొమ్మలు చాలు" అన్నారు. మెల్లిగానే అన్నారు. కానీ ఆ పిల్ల మొహం చూసి నాకు కడుపు రగిలిపోయింది. నేనేదో అన్నాను, ఆయనా గొంతు పెంచారు. అందరూ చుట్టూ చేరారు.

ఆయన వాదన పూర్తిగా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 1991 జులైలో ఢిల్లీలో విదేశీ కంపెనీలకి తలుపులు తెరిచారు, తెరిచింది మీ తెలుగు ప్రధాని పీవీయే అన్నారు నావైపు చూసి. 1995లో బ్రిగేడ్ రోడ్డులో కేఎఫ్‌సీ వచ్చింది. 1996 జనవరిలో ఇక్కడి రైతు నాయకుడు నంజుండస్వామిగారి సంఘం వాళ్లు దాని అద్దాలు పగలగొట్టారు. అదే ఏడాది నవంబరులో చిన్నస్వామి స్టేడియంలో ప్రపంచ సుందరి పోటీలు. ఊరంతా నిరసనలు, ఈత దుస్తుల పోటీని సీషెల్స్‌కి తరలించాల్సి వచ్చింది. ఆ రోజుల్లో తనూ ఊరేగింపులో నడిచారట. "అప్పుడు మమ్మల్ని పిచ్చివాళ్లన్నారు. ఇప్పుడు చూడు, ఈ హాల్లోనే వచ్చే నెల హాలోవీన్ చేస్తారు, పిల్లలకి దెయ్యాల వేషాలు కొంటారు. నా మనవడు టెక్సాస్‌లో ఉన్నాడు. నాతో ఒక్క కన్నడ మాట మాట్లాడలేడు" అన్నారు. ఆ చివరి మాటకి గొంతు వణికింది మావా. నా కోపం అక్కడితో సగం దిగిపోయింది. ఆ బాధ నిజం. మా పాప తెలుగు చదువుతుంటే నేను పక్కన కూర్చుని... సరే, అది ఇంకో ఉత్తరం.

ఇక్కడే కథ తిరిగింది. హాలు గుమ్మం దగ్గర చన్నపట్నం నుంచి ఒక బొమ్మలాయన స్టాల్ పెట్టాడు. ఇక్కడికి 60 కిలోమీటర్లు, మైసూరు రోడ్డులో. పిల్లలకి చూపించడానికి చిన్న మోటారు లేత్, అదే కర్రని గిర్రున తిప్పి చెక్కే మిషన్, కూడా తెచ్చుకున్నాడు. మేం అరుచుకుంటుంటే అతను లేత్ ఆపేసి, చేతులు తుడుచుకుని వచ్చి, డాక్టరమ్మాయిని "ఒకసారి ఇస్తారా?" అని అడిగాడు.

ఆ బొమ్మని అతను పట్టుకున్న తీరు నువ్వు చూడాల్సింది. పైమూత తిప్పి తీశాడు. అంచు మీద బొటనవేలు గుండ్రంగా పోనిచ్చాడు. లోపలిది తీశాడు, దాని లోపలిది తీశాడు, చివరికి శనగగింజంత బొమ్మ అరచేతిలో మిగిలింది. "కర్ర బాగా ఆరబెట్టాడు. పచ్చిది పట్టి ఉంటే ఈ మూత ఇంత బిగువుగా కూర్చోదు" అన్నాడు కన్నడంలో, తనలో తను అనుకుంటున్నట్టు. ముందు ఆ శనగగింజనే చేస్తారట, దాని కొలతని బట్టి పైవన్నీ. వాళ్ల ఊళ్లో కూడా ఇలాంటివి చేస్తారు. అసలు రష్యాలోనూ ఈ బొమ్మ పుట్టింది 1890లలోనే, ఒక జపాన్ బొమ్మని చూసి చేశారని చెబుతారు. 1900లో ప్యారిస్ ప్రదర్శనలో పతకం వచ్చాక అది రష్యాకి గుర్తుగా నిలిచిపోయింది. చన్నపట్నం పనితనమే టిప్పు సుల్తాన్ పారశీక పనివాళ్లని పిలిపిస్తే మొదలైందని, తర్వాత జపాన్ లక్కపని పద్ధతులు వచ్చి చేరాయని ఆ ఊరివాళ్లే చెప్పుకుంటారు. ఇదంతా నేను పెద్దాయనకి చెప్పాను. ఆయన విన్నారు, తల ఊపలేదు.

"మరి మీ పని దెబ్బతిన్నది ఎందుకయ్యా? ఈ బయటి సరుకు వల్ల కాదా?" అని బొమ్మలాయన్నే అడిగారు.

"అవును సార్, దాని వల్లే" అన్నాడతను. 2001 ఏప్రిల్‌లో దిగుమతుల మీద పరిమితులు ఎత్తేశారు. తర్వాత చైనా ప్లాస్టిక్ బొమ్మ ఎంత చవగ్గా వచ్చిందంటే, వీళ్లకి కర్ర ఖర్చు కూడా గిట్టలేదు. వాళ్ల నాన్న లేత్ మూలన పడింది. ఇతను లారీ నడిపాడు. 2020లో బొమ్మల మీద సుంకం 20 నుంచి 60 శాతానికి పెంచారు, 2021 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు, అప్పుడు కాస్త ఊపిరాడింది. మళ్లీ లేత్ ఎక్కాడు. ఇప్పుడు పెద్ద ఆర్డర్లు విదేశాల నుంచే వస్తాయట. పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి రంగుల్లో విషం ఉండకూడదని వాళ్ల షరతు. అందుకని పసుపు, నీలిమందు లాంటి పాత రంగులకి పని పడింది. ఊపిరి తీసిందీ బయటి బజారే, పాత రంగుని మళ్లీ గిన్నెలో కలిపించిందీ బయటి బజారే! దీన్ని ఎటు తిప్పి ఆలోచించినా నాకు ఒక పట్టాన తెగడం లేదు.

"ఇప్పుడు మమ్మల్ని చంపేది అది కాదు సార్. ఎక్కడో మిషన్ మీద చేసి, రంగు డబ్బాలో ముంచి, చన్నపట్నం అని మా పేరు పెట్టి అమ్ముతారు. వాళ్లు మనవాళ్లే" అన్నాడు.

హాలంతా నిశ్శబ్దం. అతను వెళ్లి లేత్ మళ్లీ నడిపాడు. తిరుగుతున్న కర్రకి ఎర్ర లక్క కడ్డీ ఆనించాడు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రంతా పాకింది. తర్వాత మొగలి ఆకు ముక్క తీసి అదిమిపెట్టాడు, మెరుపు తేలింది. ఒరేయ్, ఆ వాసన! వరాహ నది ఒడ్డున మనం సైకిళ్లు పడేసి గంటలు గంటలు నిలబడి చూసేవాళ్లం కదా, అచ్చం అదే వాసన. అడిగితే చెట్టు కూడా అదే. మన అంకుడు కర్రే, వీళ్లు ఆలె మర అంటారు. అమ్మ తన లక్కపిడతలు తెచ్చి చూపించింది. తిరగలి చేతిలోకి తీసుకుని, "ఈ పిడి నేను వేసిస్తాను తల్లీ" అన్నాడు. అక్కడికక్కడే వేసిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు.

పెద్దాయన మనవడికి పంపడానికి బొంగరాలు కొన్నారు. కానీ రష్యా బొమ్మని మాత్రం మెట్ల మీదకి రానివ్వలేదు. పండగ అయ్యేదాకా అది బొమ్మలాయన బల్ల మీదే ఉంది, అమ్మాయే అక్కడ పెట్టింది. నాకు ఇప్పటికీ అది తప్పనే అనిపిస్తుంది. ఆయన దుఃఖం సరైనదే, చూపించిన వేలు మాత్రం తప్పు చోటికి పోయింది. ఒక వంటావిడ ప్రేమగా ఇచ్చిన బొమ్మ వచ్చి మన కొలువులో కూర్చుంటే మన సంస్కృతికి తగ్గేదేమీ లేదు. ఆ కర్ర పట్టే చెయ్యి లారీ స్టీరింగ్ పట్టాల్సి వచ్చిందే, అప్పుడు తగ్గింది. 2025 రిపబ్లిక్ డేకి మన రాష్ట్రం శకటం ఏటికొప్పాక బొమ్మలే కదా, ఢిల్లీలో అది కదులుతుంటే నాకు కళ్లు చెమర్చాయి, నువ్వూ వీడియో పంపావు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ల ఇళ్లలో పిల్లల చేతుల్లో ఏ బొమ్మలున్నాయి? దేశం పేరు చెప్పి గర్వపడేటప్పుడు ఆ పనివాడి కూలి గురించి కూడా మాట్లాడాలి మావా. అది మాట్లాడనివాళ్లు సంస్కృతి పేరుతో కోప్పడితే నాకు ఒంటికి పట్టదు.

నీకొక పని. ఏటికొప్పాకలో మనం చూసేవాళ్లమే, వంతెన దాటాక ఎడమవైపు ఇల్లు, ఆ కుటుంబంలో ఎవరైనా ఇంకా లేత్ మీద ఉన్నారేమో కనుక్కో. జాఫ్రా గింజల రంగు లక్కలో ఎలా కలుపుతారో చూడాలని ఈ బొమ్మలాయనకి చాలా కోరిక. సంక్రాంతికి నాతో తీసుకొస్తానని మాటిచ్చాను. మీ ఇంట్లోనే దిగుతాం, చెల్లెమ్మతో ముందే చెప్పు. అతను శాకాహారి కాదు, అనకాపల్లి బెల్లం గురించి కూడా చాలా చెప్పి ఉంచాను, ఇంకా

అమెరికా వాళ్ల కాల్ మొదలైపోయింది, పిలుస్తున్నారు. ఆ ఇంటి సంగతి మర్చిపోకు.

నీ
మావ