చర్చి గేటు వారమంతా తెరిచి ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

పలమనేరు దగ్గర ఒక చిన్న టౌన్‌లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి మా ఊరి చర్చిలో సభ్యురాలిని. డిసెంబరు వస్తే మీ చిత్తూరు జిల్లా పేజీలో చర్చి ఫోటోలు కనబడతాయి, నాయకులు కేకు కోస్తూ, పాస్టర్లకు శాలువాలు కప్పుతూ. అవి వేయొద్దని నేను అనను. కానీ చర్చికీ ఊరికీ సంబంధం ఆ ఒక్క రోజు పుట్టేది కాదు, మిగతా రోజుల్లో పుట్టాలి. మా సంఘంలో మాకే ఇది చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది, అందుకే రాస్తున్నాను.

ఏళ్ళ తరబడి మేం చేసింది ఏమిటంటే, క్రిస్మస్‌కు గేటు ముందర ఫ్లెక్సీ కట్టి "అందరూ ఆహ్వానితులే" అని రాయించేవాళ్ళం, షామియానా వేసి, పెద్ద పెద్ద సౌండు బాక్సులు తెప్పించి, బయటూరి నుంచి ప్రసంగీకుణ్ణి పిలిపించేవాళ్ళం. వచ్చి కూర్చునేది మళ్ళీ మేమే. మన వీధివాళ్ళు ఒక్కరూ రాలేదే అని బాధపడేవాళ్ళం గానీ, వాళ్ళింటికి మనం ఎప్పుడు పోయాం అని ఎవరం అనుకోలేదు.

మార్పు ఒక గొడవతో మొదలైంది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం కూటాలు ఎప్పుడూ టెన్త్ పరీక్షల రోజుల్లోనే వస్తాయి. రాత్రి తొమ్మిదిన్నర దాకా మైకు మోగుతూ ఉంటే ఎదురింటి పెద్దాయన గేటు దగ్గరకొచ్చి, "మనవరాలు చదువుకోలేక ఏడుస్తా ఉండాది, కొంచెం తగ్గించండి నాయనా" అన్నాడు. ఆయన అడిగిన తీరులో తప్పేం లేదు. మా సంఘ పెద్ద ఒకాయన మాత్రం "మీ గంగజాతర మైకుల గురించి మేమెప్పుడన్నా అడిగినామా" అనేశాడు. పాపం ఆ ఎదురింటాయన తలదించుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మా పాస్టరు అయ్యగారి భార్యకు కూడా పట్టలేదని తెల్లారి చెప్పింది. సాయంత్రం ఆ అమ్మగారు, నేను, ఇంకొకామె కలిసి వాళ్ళింటికి పోయాం. క్షమించమని అడిగి, వాళ్ళిచ్చిన కాఫీ తాగి, ఆ పాపను ఏ సబ్జెక్టు కష్టంగా ఉంది అమ్మణ్ణీ అని అడిగితే లెక్కలు అంది. నేను ఇన్నేళ్ళు చెప్పింది ఆ లెక్కలే, పైగా ఆ ఇల్లు చర్చి గేటుకు ఇరవై అడుగుల దూరం.

ఆ వారమే మైకు లోపలికి మార్చాం. చర్చి వెనక హాల్లో సాయంత్రాలు ఆ పాపకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. నాలుగు రోజులకు వాళ్ళ స్నేహితురాళ్ళు వచ్చారు, తరువాతి ఏడాదికి మసీదు వీధి పిల్లలు కూడా వచ్చారు. రంజాన్ నెలలో ఇఫ్తార్‌కు ముందే ఇంటికి చేరాలి కాబట్టి ఆ రోజుల్లో తొందరగా వదిలేస్తాం. హాల్లో చాపలు, రెండు ఫ్యాన్లు, ఒక బోర్డు, ఇంతకు మించి ఏమీ లేవు. ఇదివరకు ఆ హాలు ఆదివారం తీసి, సండే స్కూలు అయిపోగానే తాళం వేసేవాళ్ళం, వారంలో ఆరు రోజులు ఊరికే పడి ఉండేది.

తల్లులు పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చి గేటు దగ్గర నిలబడి మాట్లాడుకుంటుంటే అసలు అవసరాలు బయటపడ్డాయి. మా వైపు పెద్ద జబ్బు అంటే వేలూరే. చిత్తూరు నుంచి ముప్పై అయిదు కిలోమీటర్లే గానీ, తమిళం రాని మనిషికి అంత పెద్ద సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆస్పత్రిలో చీటీ ఎక్కడ రాయించాలి, రక్త పరీక్షకు ఎటు పోవాలి అనేదే పెద్ద టెన్షన్. డబ్బు సాయం చేద్దామని మేం మీటింగు పెట్టుకున్నాం. వాళ్ళు అడిగింది తోడు. మా సంఘంలో తమిళం వచ్చినవాళ్ళు చాలామంది, వేలూరులో నర్సులుగా చేసి వచ్చిన అక్కలు కూడా ఉన్నారు. ఇప్పుడు ఎవరికి అవసరమైతే వాళ్ళతో ఒకరం తెల్లవారుజామున బస్సెక్కుతాం. క్రైస్తవులా కాదా అని అడగం. స్త్రీల సమాజంవాళ్ళు వంటకు బియ్యం తీసేటప్పుడల్లా పక్కన పెట్టే పిడికెడు బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు ఛార్జీలకు పోతుంది.

ఇది మేం కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికా మిషనరీ డాక్టరమ్మ ఐడా స్కడర్ 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టిందే ఈనాటి సీఎంసీ. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం టీబీ శానటోరియం 1915లో తెరిచారు. క్షయ అంటే సొంత ఇంట్లోవాళ్ళే దూరం పెట్టే కాలంలో, వేరు వేరు మిషన్లు తమ తేడాలు పక్కనపెట్టి కలిసి దాన్ని కట్టాయి. ఏ మతం రోగికైనా అక్కడ మంచం ఉండేది. మా అత్తగారు ఆ పేరు ఎత్తితే చాలు చేతులు జోడించేది. అలాంటి పెద్దల వారసులం అయ్యుండి, హాలుకు తాళం వేసి కూర్చున్నాం.

ఒక మాట నిర్మొహమాటంగా చెప్తాను, మావాళ్ళలో కొందరికి కోపం వచ్చినా సరే. సాయం చేసిన చేత్తోనే కరపత్రం పెట్టొద్దు. ఆస్పత్రి నుంచి వస్తున్న మనిషి అలసిపోయి, భయంతో ఉంటాడు. అప్పుడు బోధ మొదలుపెడితే మనం వచ్చింది దీనికా అని ఆయనకు అనుమానం వస్తుంది, ఆ అనుమానం వీధంతా పాకుతుంది. ఎందుకు చేస్తున్నారమ్మా అని వాళ్ళే అడిగితే మన విశ్వాసం చెప్పుకోవచ్చు, దాచుకోవలసిన పని లేదు.

ఇక మా కోత పండుగ. ఒకప్పుడు సంఘంవాళ్ళం తెచ్చిన పంటను మాలో మేమే వేలం పాడుకునేవాళ్ళం. ఇప్పుడు టమాటా మండీవాళ్ళు, పట్టుగూళ్ళు పండించే రైతులు, కిరాణా కొట్టు భాయ్ అందరూ వస్తారు. అరటి గెల, చెనక్కాయల మూట, రాగులు, కోడిపుంజు, ఇంటి పెరట్లో కాసిన సొరకాయ, అన్నీ బల్ల మీద ఉంటాయి. పోయినసారి ఒక సొరకాయను పాడుకున్నాయన తిరిగి చర్చికే ఇచ్చేస్తే మళ్ళీ వేలం పెట్టాం, రెండో ఆయనా అదే పని చేశాడు, నాలుగోసారికి గానీ ఆ కాయ ఒక ఇంటికి చేరలేదు. "ఒకటోసారి, రెండోసారి" అని అరుస్తున్నది కూరగాయల మార్కెట్లో పాట పాడే అబ్బాయి, మా సంఘం కాదు, గొంతు బాగుందని మేమే పిలిచాం. ఆ డబ్బు వేసవి చలివేంద్రానికి పోయింది. జాతర రోజు అక్కడే మజ్జిగ పోశాం.

ఎడిటర్ గారూ, నా మనవి రెండే. క్రిస్మస్‌కు ఇచ్చే చోటులో కొంచెం మామూలు రోజులకు కూడా ఇవ్వండి, చర్చి అయినా, గుడి అయినా, మసీదు అయినా, తమ వీధికి ఏం చేస్తున్నారో రాయండి. అది చూసి ఇంకో ఊళ్ళో ఇంకొకరు తాళం తీస్తారు. రెండోది, ఇది చదివే సంఘ పెద్దలకు: ఈసారి ఫ్లెక్సీకి ఆర్డరిచ్చే ముందు మీ చర్చికి ఎదురుగా ఉన్న మూడు ఇళ్ళకు వెళ్ళి, మా వల్ల మీకేమన్నా ఇబ్బంది ఉందా అని అడిగి రండి.

జనవరి ఆఖరి ఆదివారం మా కోత పండుగ. మీ విలేకరిని పంపండి. ఎదురింటి పెద్దాయన ఈసారి వాళ్ళ చేలో కాసిన గుమ్మడికాయ ఇస్తానన్నాడు, మొదటి పాట కూడా తానే పాడతాడట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
చిత్తూరు జిల్లా